తెప్ప, తెరచాప, గాలి: దివిసీమ తీరపు పాత విద్య

పసిఫిక్ మహాసముద్రమున హవాయి దీవులలో మౌయి అను ద్వీపము కలదు. ఏటేట దేశదేశముల నుండి యువకులు సెలవులు గడుపుటకై అచ్చటికి పోవుదురు. వారు అచ్చట ఆడు ఆట చూచువారికి వింతగా తోచును. మనిషి పొడవుకు మించిన ఒక తేలికైన పలక. దానిమీద నిలువున ఒక కొయ్య. ఆ కొయ్యకు ముక్కోణపు తెరచాప. పలకమీద నిలుచున్న మనిషి తెరచాపకు బిగించిన అడ్డకర్రను రెండు చేతుల పట్టుకొని, వెనుకకు వాలి, తన బరువును గాలికి ఎదురొడ్డి అలలమీద దూసికొని పోవును. చుక్కాని లేదు, తెడ్డు లేదు, యంత్రము లేదు. దీనిని విండ్‌సర్ఫింగ్ అందురు. తెలుగున తెరచాపపలక అనుకొందము.

ఈ ఆట పుట్టి ఎన్నో ఏండ్లు కాలేదు. 1958లో ఇంగ్లండు దక్షిణ తీరమున హేలింగ్ ద్వీపము వద్ద పీటర్ చిల్వర్స్ అను పన్నెండేండ్ల బాలుడు ఒక పలకకు తెరచాప తగిలించి ఆడుకొనెను. 1965లో అమెరికాలో న్యూమన్ డార్బీ అను నతడు తాను చేసిన ఇట్టి పలకను గూర్చి ఒక విజ్ఞాన మాసపత్రికలో వ్రాసెను. ఆ తరువాత కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అను విమాన శాస్త్రజ్ఞుడును, హోయల్ ష్వైట్జర్ అను వ్యాపారస్థుడును కలిసి దీనికి మెరుగులు దిద్ది, 1968లో పేటెంటు హక్కునకు దరఖాస్తు పెట్టిరి. 1970లో వారికి హక్కు లభించినది. దానితో తగవులును మొదలైనవి. 1985లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానము పన్నెండేండ్ల పిల్లవాని ఆటవస్తువును సాక్ష్యముగా స్వీకరించి, ఈ యుక్తి అంతకుముందే లోకమున ఉన్నదని చెప్పి, ఆ దేశమునకు సంబంధించిన పేటెంటు చెల్లదని తీర్పు చెప్పినది. అంతకు ముందటి యేడే, అనగా 1984లో, లాస్ ఏంజెలిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు స్థానము దొరకినది.

ఒక యుక్తి లోకమున ముందే ఉన్నదా లేదా అను ప్రశ్న న్యాయస్థానమునకు ఒక విధముగా తోచును, చరిత్రకారునకు మరియొక విధముగా తోచును. న్యాయస్థానము 1958 వరకు పోయి ఆగినది. కృష్ణానది సముద్రములో కలియుచోట నిలిచి చూచినచో ఇంకను చాల దూరము వెనుకకు పోవలసి వచ్చును.

తెప్ప

మచిలీపట్నమునకు నైరుతి దిక్కున, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ చిక్కిన నేలయే దివిసీమ. దివి యనగా ద్వీపమే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు గ్రామములు దీనిలోనివి; దక్షిణపు కొసను హంసలదీవి వద్ద నది సముద్రమున కలియుచున్నది. ఇది ఉష్ణమండలపు ద్వీపమే గాని ఇచ్చట మౌయిలోవలె కొండలు లేవు, తెల్లని ఇసుక లేదు. వరిచేలు, మడ అడవులు, ఉప్పుటేళ్ళు, నల్లని బురద. మచిలీపట్నపు మంగినపూడి వద్ద సముద్రస్నానమునకు పోయినవారికి కాలికింద మెత్తగా తగులునది కూడ ఇసుక కాదు, ఈ నల్లరేగడియే.

ఈ తీరమునను, దీనికి ఉత్తర దక్షిణములందును జాలరులు వాడుచు వచ్చిన అతి ప్రాచీనమైన సాధనము తెప్ప. తేలికకొయ్య దుంగలు మూడో, నాలుగో, అయిదో ఏరి, ముందుకొసలు పైకి వంగునట్లు చెక్కి, పక్కపక్కను పేర్చి త్రాళ్ళతో బిగించి కట్టుదురు. అంతే తెప్ప. దీనికి అడుగు లేదు, గోడలు లేవు. అల మీదికి వచ్చినచో దుంగల సందులలో నుండి నీరు క్రిందికి పోవును. పడవ మునుగును గాని తెప్ప మునుగదు. మునుగుటకు అందులో నీరు నిలుచు చోటే లేదు. తమిళులు దీనిని కట్టుమరము అందురు. ఐరోపా భాషలలోని కాటమరాన్ అను మాట దీనినుండి పుట్టినదే. నేడు ఆ మాటతో వారు పిలుచు రెండు పొట్టల పెద్ద పడవకును మన తెప్పకును పోలిక ఏమియు లేదనుట వేరు విషయము.

1690లో మద్రాసులో ఉన్న విలియం డాంపియర్ అను ఆంగ్ల నావికుడు 1697లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఈ తెప్పలను వర్ణించెను. ఒకటి రెండు తేలిక దుంగలతో చేసిన చిన్న తెప్పమీద ఒక్కడే మనిషి కూర్చుండుననియు, అతని కాళ్ళును పిరుదులును ఎల్లప్పుడు నీటిలోనే ఉండుననియు అతడు వ్రాసినాడు. లోకమంతయు తిరిగి ఎన్నో విధముల పడవలను చూచిన డాంపియరునకు కూడ ఇది వింతగా కనబడినది. ఒంటి మనిషి, నీటిమట్టమున తేలు కొయ్య, దేహమంతయు తడియుచుండగా సాగు పయనము: మౌయి యువకునకును ఈ జాలరికిని పోలిక ఇచ్చటనే మొదలగుచున్నది.

ఇంకను వెనుకకు పోవచ్చును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో ఒక నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అను గ్రంథము కలదు. అందులో తూర్పు తీరపు ఓడలను గూర్చి చెప్పుచు, పెద్ద పెద్ద దుంగలను జోడించి కట్టిన సంగర అను నావలు ఉన్నట్లును, సువర్ణభూమికిని గంగాముఖమునకును పోవు మహానౌకలు వేరుగా ఉన్నట్లును ఆ రచయిత వ్రాసెను. కృష్ణా మండలమును అతడు మసలియా అని పేర్కొని, అచ్చట సన్నని నూలుబట్టలు విశేషముగా నేయుదురని చెప్పినాడు. సంగర మన తెప్పకు పెద్దన్నయో, లేక రెండు దోనెలను జోడించిన జంటనావయో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కాని దుంగలు కట్టి సముద్రముమీదికి పోవు అలవాటు ఈ తీరమున రెండువేల యేండ్లనాడే బాగుగా వేరూనినదనుటలో సందేహము లేదు.

1920లో జేమ్స్ హార్నెల్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు భారతదేశపు పడవల తీరులనుగూర్చి ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. తమిళ తీరపు తెప్పకును ఆంధ్ర తీరపు ఉత్తరభాగమునందలి తెప్పకును కట్టుబడిలో భేదమున్నదని అతడు గమనించెను. ఊరూరికి అలల తీరు, ఒడ్డు వాలు, దొరకు కొయ్య వేరగుటచేత తెప్ప కూడ ఊరూరికి మారినది.

అయితే తెరచాపపలకను మనవారే కనిపెట్టిరని చెప్పవచ్చునా? చెప్పరాదు. తెప్పమీది జాలరి తెడ్డుతో దారి తిప్పును. అతని కొయ్య నిలుచున్నచోటనే నిలుచును. డ్రేక్ చేసిన కొత్త సంగతి కొయ్య అడుగున అమర్చిన కీలు. దానివలన కొయ్య నలుదిక్కులకు వంగును, చుట్టు తిరుగును. తెరచాపను ముందుకు వాల్చినచో పలక ముక్కు గాలికి దూరముగా తిరుగును. వెనుకకు వాల్చినచో గాలివైపునకు తిరుగును. తెరచాపయే చుక్కాని అయినది. ఈ కీలు తెప్పకు లేదు. మన పూర్వులు సాధించినది వేరు; దానిని ఉన్నదున్నట్లు తెలిసికొనుట మేలు.

గాలికి ఎదురుగా పోవుట ఎట్లు?

గాలి వెనుకనుండి వీచినపుడు తెరచాప కట్టిన పడవ ముందుకు పోవుట అందరికిని తెలిసినదే. ప్రక్కనుండి వీచు గాలితో ముందుకు పోవుటయు, ఒకింత ఎదురుగా వీచు గాలితో కూడ ముందుకే పోవుటయు ఎట్లు సాధ్యమగును? తరగతిలో దీనిని చూపుటకు ఒక తడిసిన చింతగింజ చాలును. గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పెట్టి నొక్కినచో అది వ్రేళ్ళు నొక్కిన దిక్కునకు పోదు. ముందుకు ఎగిరి పడును. వ్రేళ్ళు రెండును ప్రక్కనుండియే నొక్కినవి, గింజ మాత్రము ముందుకు పోయినది. పడవకు ఒక వ్రేలు గాలి, రెండవ వ్రేలు నీరు.

ఏటవాలుగా నిలిపిన తెరచాపను తాకిన గాలి దారి మళ్ళును. గాలిని మళ్ళించుటవలన తెరచాపమీద ఒక బలము పుట్టును. అది తెరచాప పరపునకు దాదాపు లంబముగా పనిచేయును. ఆ బలమును రెండుగా విడదీయవచ్చును. ఒక భాగము పడవను ప్రక్కకు నెట్టును, రెండవది ముందుకు నెట్టును. ప్రక్కకు పోకుండ ఆపుటకు నీటిలో ఏదో ఒక అడ్డు కావలెను. ఓడకు ఆ అడ్డు దాని లోతైన అడుగు. తెరచాపపలకకు క్రింద బిగించిన రెక్క. తెప్పకు దుంగల సందునుండి నీటిలోనికి దించు అడ్డపలక. ఒడ్డున లోతు తక్కువైనచోట దానిని పైకి లాగివేయుదురు, లోతు రాగానే దించుదురు. లెక్కలు కట్టక, బలముల సమాంతర చతుర్భుజము గీయక, దుంగ పక్కన ఒక పలక దించవలెనని తెలిసికొన్న ఆ మొదటి జాలరి ఎవరో గాని భౌతికశాస్త్రమున సామాన్యుడు కాడు.

సూటిగా గాలి ముఖమునకు మాత్రము ఏ తెరచాపయు పోలేదు. కుడికి కొంత, ఎడమకు కొంత వంకరటింకరగా నడచి, చివరకు గాలి వచ్చు దిక్కుననే ఉన్న గమ్యమును చేరవలెను. కొండదారి మెలికలు తిరిగి పైకి ఎక్కినట్లే ఇదియును.

ఇంకొక వింత కలదు. తెరచాపపలక గాలికంటె వేగముగా కూడ పోగలదు. గాలి లేని దినమున సైకిలు తొక్కువాని ముఖమునకు గాలి తగులును గదా; అది అతని వేగము పుట్టించిన గాలి. ప్రక్కగాలిలో పోవు పలకమీది మనిషికి అసలు గాలియు, తన వేగము పుట్టించిన గాలియు కలిసి తగులును. వేగము పెరిగినకొలది తెరచాపకు తగులు గాలియు పెరుగును. 2015లో నమీబియా దేశమున లూడరిట్జ్ వద్ద ఆంట్వాన్ అల్బో అను ఫ్రెంచివాడు 53.27 నాట్ల వేగము సాధించెను. అనగా గంటకు సుమారు 99 కిలోమీటర్లు. తెప్ప అంత వేగమును ఎన్నడును కోరలేదు. తెల్లవారకముందే ఒడ్డు విడచి పోవుట, చేపలు మురిగిపోకముందే తిరిగి వచ్చుట, ఇవియే దానికి కావలసినవి.

ఈ రాకపోకలకు కాలము నిర్ణయించినది నేలగాలియు సముద్రపు గాలియు. ఎండకు నేల త్వరగా వేడెక్కును, నీరు మెల్లగా వేడెక్కును. మధ్యాహ్నమునకు నేలమీది గాలి వేడెక్కి తేలికయై పైకి లేవగా దాని తావును నింపుటకు సముద్రము నుండి చల్లని గాలి వచ్చును. వేసవి సాయంకాలము బందరు ప్రజలకు ప్రాణము లేచి వచ్చినట్లు చేయునది ఈ గాలియే. రాత్రి నేల త్వరగా చల్లబడును; గాలి దిక్కు మారి నేలనుండి సముద్రముమీదికి వీచును. తెల్లవారుజామున నేలగాలితో బయటికి పోయి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో ఇంటికి చేరుట తెరచాప వాడినన్నాళ్ళును జాలరుల దినచర్య. ఒక పూట గాలి రాకున్న ఆ పూట వారు తెడ్డు వేసి వేసి చేతులు బొబ్బలెక్క వలసినదే.

మౌయి వంటి దీవులకు యువకులు పోవుటకు కారణము కూడ గాలియే. అచ్చట వ్యాపారపవనములు ఈశాన్యమునుండి ఏడాదిలో చాల కాలము ఎడతెగక వీచును. రెండు పెద్ద కొండల నడుమనున్న పల్లములో ఆ గాలి ఇరుకున పడి మరింత వేగమును పొందును. దివిసీమకు ఇట్టి వసతి లేదు. ఇచ్చటి గాలి ఋతువుతో దిక్కు మార్చును. ఆటకు అది లోపము. అయితే ఓడవర్తకమునకు అంతకంటె గొప్ప వరము వేరొకటి లేదు. పోవుటకు ఒక గాలి, తిరిగి వచ్చుటకు ఇంకొక గాలి!

గాలి పంచాంగము

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలమీ అను భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ తీరమును మైసోలియా అనియు, నదిని మైసోలోస్ అనియు వ్రాసెను. అచ్చటి రేవులలో అతడు చెప్పిన కొంటకొస్సుల నేటి ఘంటసాలయే. ఈ తీరపు రేవులను వరుసగా చెప్పిన పిమ్మట, సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డు విడచి నడిసముద్రముమీదికి మళ్ళు స్థలమొకటి ఉన్నదని అతడు వ్రాసినాడు. ఒడ్డును పట్టుకొని ప్రాకుట మాని, గాలిని నమ్మి సముద్రమును అడ్డముగా దాటు తావు అది. అట్టి తావు ఒకటి నిశ్చయముగా ఏర్పడినదనగా గాలి ఎప్పుడు ఎటు వీచునో నావికులకు అప్పటికే రూఢిగా తెలిసియుండవలెను.

ఘంటసాలలో దొరకిన ప్రాకృత శాసనములలో ఒకటి శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. రాజులు, భిక్షువులు, శ్రేష్ఠులు శాసనములకు ఎక్కుట సామాన్యమే. ఒక నావికుడు రాతికి ఎక్కుట అరుదు. శాతవాహన రాజులు, ముఖ్యముగా యజ్ఞశ్రీ శాతకర్ణి, రెండు కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణెములు వేయించిరి. గుడివాడలో బౌద్ధస్తూపపు శిథిలములును, ఆంధ్రరాజుల నాటి నాణెములును బయటపడినవి. అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు దిబ్బలను పరిశోధించి 1894లో గ్రంథము వెలువరించెను. ఓడరేవైన ఘంటసాల నేడు సముద్రమునకు దూరమై పొలముల నడుమ ఉన్నది. కృష్ణ ఏటేట తెచ్చి పోసిన ఒండ్రు తీరమును ముందుకు నెట్టినది. రేవు కదలలేదు, సముద్రమే కదలిపోయినది.

ఆ తరువాత చాల శతాబ్దములు గడచి, గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము ప్రఖ్యాతికి వచ్చినది. డచ్చివారు 1605లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1611 ఆగస్టు చివర గ్లోబ్ అను ఆంగ్లేయుల ఓడ వచ్చి చేరెను. దానిని నడపి తెచ్చిన వర్తకులు పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంతునిస్ అనువారు. ఇద్దరును డచ్చివారే, అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసి ఈ తీరమును ఎరిగినవారు. ఆంగ్లేయులు తూర్పు తీరమున వర్తకమునకు దిగినది ఈ యాత్రతోనే. వారిని ఇచ్చటికి రప్పించినవి కలంకారీ అద్దకములు. సుగంధద్రవ్యముల దీవులలో వెండికంటె ఈ బట్టలకే గిరాకి హెచ్చు.

ఆంగ్ల వర్తకాధికారిగా మచిలీపట్నమున ఉన్న విలియం మెత్వోల్డ్ వ్రాసిన గోలకొండ వృత్తాంతము 1626లో అచ్చయినది. ఇచ్చటివారు మంచి ఓడలు కట్టుదురనియు, ఋతువుల గాలులను అనుసరించి బయలుదేరుదురనియు అందులో కలదు. ఆ పంచాంగము ఇట్టిది. సెప్టెంబరులో నైరుతి గాలి ఇంకను మిగిలియుండగా అరకాను, పెగు, తెనస్సెరిము రేవులకు ఓడలు పోవును. గాలి వాటిని తూర్పునకు నెట్టును. ఈశాన్యపు గాలి తగ్గుముఖము పట్టిన వేసవి మొదటి దినములలో అవి తిరిగి వచ్చును. ఎఱ్ఱసముద్రపు మోఖా రేవునకు పోవు ఓడ జనవరిలో ఈశాన్యపు గాలితో లంకను చుట్టి పడమటికి సాగును. నైరుతి గాలి ఎత్తుకొనగా సెప్టెంబరు, అక్టోబరు నాటికి ఇల్లు చేరును. బయలుదేరుటలో మూడు వారములు ఆలస్యమైనచో ఒక్కొక్కప్పుడు ఏడాది వర్తకము పోయినట్లే. అప్పు తెచ్చి సరకు నింపిన వర్తకుడు, ముందు సొమ్ము తీసికొని నేసిన సాలె, రంగులద్దిన అద్దకపువాడు, వీరందరి జీవితములును ఈ గాలి తిథులతో ముడిపడి ఉండెను.

ఇంత పేరున్న రేవున ఓడలు ఒడ్డుకు రాలేకుండెననుట విడ్డూరము. తీరము పొడవునను లోతు తక్కువ. నాలుగైదు మైళ్ళ దూరమున లంగరు వేసి, సరకులను చిన్న పడవలలో చేర్చెడివారు. ఆ పడవలలో మసులా పడవ ప్రసిద్ధమైనది. దీనిలో ఒక్క మేకైనను లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన ఐరోపా పడవ అల కొట్టి నేలకు తగిలినచో పగులును. కుట్టుపడవ అల దెబ్బకు వంగి, తిరిగి లేచును. దాని పేరు మచిలీపట్నము పేరునుండి వచ్చినదని కొందరు అందురు. ఇతరులు వేరు వ్యుత్పత్తులు చెప్పుదురు.

నైరుతి వైపునుండి వచ్చు నావికులకు దివి కొస ఒక గురుతు. అయితే దానికి పడమట నున్న మరియొక కొసను చూచి అదియే దివియని భ్రమపడుట కలదు. అందుచేత ఆంగ్లేయులు తమ సముద్రపటములలో దానికి ఫాల్స్ దివి, అనగా దొంగదివి, అని పేరు పెట్టిరి. పల్లపు నేల, చెట్లు తప్ప ఎత్తైన గురుతు లేని తీరము. మబ్బుపట్టిన దినమున పొరబాటు ఎంత సులభమో ఆ పేరే చెప్పుచున్నది.

ఉప్పెన

ఓడలను నడపిన గాలియే ఒక్కొక్క యేడు ఊళ్ళను ముంచినది. ఈ తీరమున అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. మద్రాసు కోటపై జెండాకొయ్యను అక్టోబరు 15 నుండి డిసెంబరు 15 వరకు దించివేసెడివారు. ఆ రెండు నెలలు ఓడలు తీరమున నిలువరాదని దాని భావము.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నముమీద ఉప్పెన పడినది. చీకటిలో సముద్రము పట్టణమంతటిని కప్పి మైళ్ళకొలది లోపలికి పోయినది. 30,000 మంది మరణించిరని ప్రభుత్వ గ్రంథములు వ్రాసినవి. దానికి నెల దినములు ముందు, అక్టోబరు 5న, కలకత్తా కూడ అట్టి తుపానుకే పాడైనది. ఒకే యేట రెండు రేవులు ఇట్లు నాశనమగుటచేత, తుపానులను ముందుగా తెలిసికొను ఏర్పాటు కావలెనను ఆందోళన బలపడినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధిపతి. సైక్లోన్ అను పేరును 1848లో కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కూడ బంగాళాఖాతపు తుపానులను పరిశీలించియే సుడిగాలి స్వభావమును వివరించెను. అతడు విచారించినవాటిలో మన కోరంగిని ముంచిన తుపానులు కలవు.

1977 నవంబరు 19న దివిసీమకు వచ్చినది ఇదే జాతి విపత్తు. ఇచ్చట విద్యార్థులు తెలిసికొనవలసిన శాస్త్రవిషయము ఒకటి కలదు. తుపాను కేంద్రము తీరము దాటినది చీరాల వద్ద, దివిసీమలో కాదు. మరి దివిసీమ ఏల మునిగినది? భూమధ్యరేఖకు ఉత్తరమున తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. తుపాను వాయవ్యముగా కదలుచు తీరమును తాకునపుడు, దాని కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. పైగా కుడివైపున సుడిగాలి వేగమునకు తుపాను కదలు వేగము కూడ తోడగును. చీరాలకు కుడివైపున, అనగా ఈశాన్యమున, ఉన్నది దివిసీమ. గాలి తోసిన నీరు అచ్చటికే వచ్చినది.

నీరు అంత ఎత్తు లేచుటకు రెండవ కారణము తీరపు లోతు తక్కువగుట. లోతైన సముద్రమున గాలి తోసిన నీరు అడుగునుండి వెనుకకు మరలిపోవుటకు చోటుండును. బురదతో మెరకయైన తీరమున ఆ చోటు లేదు. నీరు ఒకదానిమీద ఒకటి పేరుకొనును. ఏ మెరక పెద్ద ఓడలను అయిదు మైళ్ళ దూరమున ఆపినదో ఆ మెరకయే ఉప్పెనను ఊళ్ళలోనికి ఎక్కించినది. 1977లో నీరు సుమారు 5 మీటర్ల ఎత్తు లేచినది. అధికారపు లెక్కలే పదివేలకు మించి మరణములు చెప్పినవి. పులిగడ్డ వద్ద వారికి స్మారకస్తూపము కలదు. తుపాను వచ్చుచున్నదన్న వార్త ఉండెను. అది ఎచ్చట తాకునో, నీరు ఎంత లేచునో లంకలలోని ప్రజలకు అందలేదు. వార్త అందియు పోవుటకు గట్టి కట్టడము లేనివారు ఎందరో. తరువాత తీరము పొడవునను తుపాను రక్షణగృహములు కట్టిరి.

రేవు మాత్రము 1864 దెబ్బనుండి పూర్తిగా కోలుకొనలేదు. అందుకు ఉప్పెన ఒక్కటే కారణమని చెప్పుట సరికాదు. మాంచెస్టరు యంత్రపు బట్టలు కలంకారీని అంతకుముందే దెబ్బతీసినవి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టా ప్రజల చూపు సముద్రమునుండి పొలమునకు మళ్ళినది. ఆవిరి ఓడలకు గాలితో పని లేదు, లోతుతోనే పని. గుడివాడమీదుగా మచిలీపట్నమునకు రైలు వచ్చునప్పటికి 1908 అయినది. 1933లో విశాఖపట్నపు కొత్త రేవు తెరచిన పిమ్మట పెద్ద ఓడలకు బందరుతో అవసరము తగ్గెను. 2023లో మచిలీపట్నమునకు ఉత్తరమున తపసిపూడి వద్ద లోతు త్రవ్వి కొత్త రేవు కట్టు పని ఆరంభమైనది.

తెప్పలకును మార్పు తప్పలేదు. గడచిన శతాబ్దపు చివరి దశకములనుండి యంత్రములు తగిలించిన పడవలు వచ్చినవి. ఫైబరు పడవలు దుంగల తావును ఆక్రమించినవి. తెరచాప మడచి పెట్టిరి. అయినను గాలి మాట వినుట మానలేదు. మచిలీపట్నములోనే వాతావరణ శాఖవారి డాప్లర్ రాడార్ ఉన్నది. అది మబ్బులలోని నీటిబొట్లమీద పడి తిరిగివచ్చు తరంగముల మార్పునుబట్టి గాలి ఎంత వేగమున దగ్గరకు వచ్చుచున్నదో, దూరమగుచున్నదో లెక్కకట్టును. రేవు కొయ్యమీద హెచ్చరిక గుర్తు ఎక్కించిరన్న వార్త వచ్చినంతనే గిలకలదిండిలో పడవలు వేటకు పోవు. ఉప్పుటేటిలోనికి తెచ్చి ఒకదానికొకటి త్రాళ్ళతో కట్టివేయుదురు.